వైఫై డబ్బా చచ్చిపోయిందా?

జూబ్లీహిల్స్‌లో ఒక ఇల్లు. ఇంటాయన సినిమాలకు ఎడిటింగ్ చేస్తాడు. ఫిలింనగర్ బస్తీ నుంచి ఒక అక్క రోజూ ఆ ఇంటికి పనికి వస్తుంది. ఊడుస్తుంది, తుడుస్తుంది. ఈ మధ్యనే ఆమె చదవడం, రాయడం నేర్చుకుంది.

ఒక రోజు పొద్దున ఆ ఇంట్లో ఇలా జరిగిందనుకుందాం.

ఇంటాయన వైఫై డబ్బాకు అప్‌డేట్ పెట్టాడు. ఎవరికీ చెప్పకుండా స్నానానికి పోయాడు. అక్క బల్ల మీద దుమ్ము తుడుస్తూ ప్లగ్గు తీసింది. తుడిచి మళ్లీ పెట్టింది. డబ్బా మీద ఒకే ఒక్క లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. మిగతావి వెలగలేదు. ఇంటర్నెట్ రాలేదు.

"డబ్బా పాడు చేశావు. కొత్తది కొనాలంటే రెండు వేలు. నీ జీతంలో కోస్తా" అన్నది ఇంటామె.

"నేను దుమ్ము తుడిచిన అమ్మా, గంతే" అన్నది అక్క. ఆమె గొంతు వణికింది.

ఆ ఇంట్లో కంగారు పడడానికి కారణం ఉంది. ఒకప్పుడు తెలుగు సినిమాలు ఎక్కువగా మద్రాసులో తయారయ్యేవి. తర్వాత మెల్లమెల్లగా హైదరాబాదుకు వచ్చాయి. అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియో పెట్టారు. ఆ రోజుల్లో సినిమా రీళ్లను డబ్బాల్లో పెట్టి మోసేవారు. ఇప్పుడు బొమ్మ, మాట, పాట చాలావరకు ఇంటర్నెట్‌లోనే పోతాయి. ఇంటర్నెట్ ఆగితే పని ఆగుతుంది.

ఇంతకీ డబ్బా నిజంగా చచ్చిపోయిందా?

డబ్బా లోపల ఏముంది?

వైఫై డబ్బాను రౌటర్ అంటారు. దాని లోపల గోరంత చిప్పు ఉంటుంది. డబ్బా ఏ పని ఎట్లా చేయాలో ఆ చిప్పులో రాసి ఉంటుంది. ఆ రాతనే ఫర్మ్‌వేర్ అంటారు. కరెంటు పోయినా అది చెరిగిపోదు.

అప్పుడప్పుడు కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ ఇస్తుంది. పాతదాంట్లో తప్పులు దిద్దుతుంది. దొంగతనంగా లోపలికి చొరబడే దారులు మూస్తుంది. ఇదే అప్‌డేట్. కాబట్టి అప్‌డేట్ మంచిదే.

కానీ చాలా డబ్బాలు పాత రాత చెరిపి, అదే చోట కొత్తది రాస్తాయి. పలక తుడిచి కొత్త పాఠం రాస్తున్నాం అనుకోండి. సగంలో ఎవరో పలక లాక్కున్నారు. పాత పాఠం లేదు. కొత్త పాఠం సగమే ఉంది. ఏం చదువుతాం? డబ్బాకూ అదే గతి పట్టింది.

అయితే పలక పై అంచున నాలుగు ముక్కలు రాసి ఉంటాయి. మామూలు అప్‌డేట్‌లో వాటిని చెరపరు. దాని పేరు బూట్‌లోడర్. కరెంటు రాగానే మొదట లేచేది ఇదే. పాఠం సరిగా ఉంటే డబ్బాను నడిపిస్తుంది. లేకపోతే చాలా డబ్బాల్లో కొత్త పాఠం కోసం ఎదురుచూస్తుంది. లైటు ఒక్కటే మెల్లగా మిణుకుమంటే చాలాసార్లు అర్థం ఇదే. డబ్బా చావలేదు. పాఠం అడుగుతోంది.

ఎలా బాగుచేయాలి?

కాలేజీలో చదివే ఆ ఇంటి అమ్మాయి వచ్చింది. "ఏడవకు అక్కా, చూద్దాం" అన్నది.

మొదట ప్లగ్గు పెట్టి పదిహేను నిమిషాలు ముట్టుకోలేదు. తర్వాత అర నిమిషం ఆపి మళ్లీ పెట్టింది. కొన్ని డబ్బాల్లో రెండు ఫర్మ్‌వేర్‌లు ఉంటాయి. ఒకటి చెడితే రెండోది నడుస్తుంది. ఈ డబ్బా అట్లాంటిది కాదు.

తర్వాత డబ్బా తిరగేసి చీటీ చూసింది. డబ్బా ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చినదైతే వాళ్లకే ఫోను చేయాలి. గ్యారంటీ ఉంటే కొన్న చోట అడగాలి. ఇది సొంతంగా కొన్నది. గ్యారంటీ అయిపోయింది.

చీటీ మీద మోడల్ పేరు, దాని పక్కన వి అనే అక్షరం, ఒక అంకె ఉన్నాయి. ఆ అంకె చాలా ముఖ్యం. ఒకే పేరు గల డబ్బాల్లో కూడా లోపలి భాగాలు వేరుగా ఉండవచ్చు. ఒకదాని ఫర్మ్‌వేర్ ఇంకోదానికి పనికిరాదు.

"వి రెండు" అన్నది అమ్మాయి.

అక్క గుడ్డతో చీటీ తుడిచి దగ్గరగా చూసింది. "రెండు కాదమ్మా, మూడు" అన్నది. నిజమే. అది మూడే.

అమ్మాయి ఫోన్‌లోని ఇంటర్నెట్‌తో కంపెనీ వెబ్‌సైటు తెరిచింది. ఆ అంకెకు సరిపోయే ఫైలు కంప్యూటర్‌లోకి దించుకుంది. వైఫై లేదు కాబట్టి డబ్బాకు, కంప్యూటర్‌కు మధ్య తీగ కలిపింది. కంపెనీ చెప్పిన నంబరును కంప్యూటర్‌కు ఇచ్చింది. డబ్బా స్విచ్ ఆపింది. రీసెట్ అనే చిన్న రంధ్రంలో పిన్నీసుతో నొక్కింది. నొక్కి పట్టుకునే స్విచ్ వేసింది. పది సెకన్ల తర్వాత వదిలింది.

కంప్యూటర్‌లో 192.168.0.1 అని కొట్టింది. ఒక పేజీ వచ్చింది. అక్కడ ఫైలు ఇచ్చింది. డి-లింక్ డబ్బాలు చాలావాటికి పద్ధతి ఇదే. ఆసుస్‌కు, టీపీ-లింక్‌కు పద్ధతి కొంచెం వేరు. ఏ కంపెనీ డబ్బా అయితే ఆ కంపెనీ చెప్పినట్టే చేయాలి.

ఈసారి డబ్బా దగ్గరికి ఎవరూ పోలేదు. అయిదారు నిమిషాలకు లైట్లన్నీ వెలిగాయి. కొత్తగా పాస్‌వర్డ్ పెట్టారు. ఇంటర్నెట్ వచ్చింది.

ఇంటాయన తల దించుకున్నాడు. "అప్‌డేట్ పెట్టినప్పుడు చెప్పాల్సింది నేను" అన్నాడు. అక్క జీతం కోయలేదు.

అన్నిసార్లూ ఇట్లా బాగవుతుందా? కాదు. ఒక్క లైటూ వెలగకపోతే ముందు అడాప్టర్ మార్చి చూడాలి. బూట్‌లోడరే చెడిపోతే ఇంట్లో చేయగలిగింది లేదు. డబ్బా విప్పి చిప్పులో రాయడం తెలిసిన మెకానిక్ కావాలి. దానికంటే కొత్తది కొనడమే చవక కావచ్చు.

గుర్తుంచుకుందాం

1. అప్‌డేట్ జరుగుతుండగా ప్లగ్గు తీయకూడదు. కరెంటు పోయే వేళ అప్‌డేట్ పెట్టకూడదు.
2. అప్‌డేట్ పెట్టినవారు ఇంట్లో అందరికీ చెప్పాలి. పనికి వచ్చేవారికీ చెప్పాలి.
3. రీసెట్ నొక్కితే చాలు అనుకోవద్దు. మామూలు రీసెట్ పాస్‌వర్డ్ వంటివే చెరుపుతుంది. పోయిన ఫర్మ్‌వేర్‌ను తేలేదు.
4. చీటీ మీది పేరు, అంకె ఒకటికి రెండుసార్లు చదవాలి.

మరునాడు అక్క ఒక కాగితం తెచ్చింది. ప్లగ్గు పైన గోడకు అంటించింది. దాని మీద పెద్ద అక్షరాలతో తనే రాసింది:

"అడగకుండా ప్లగ్గు తీయవద్దు."