షీల్డు ఒకరిది, కప్పు ఒకరిది: ఫుట్‌బాల్ సీజన్ వెనుక లెక్కలు

2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానంలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫైనల్ జరిగింది. కేరళ బ్లాస్టర్స్ ఒక గోల్ ముందుంది. ఆట ఇంకో రెండు నిమిషాల్లో ముగుస్తుందనగా సాహిల్ తవోరా కొట్టిన బంతి వలలో పడి స్కోరు 1-1 అయింది. అదనపు సమయంలోనూ ఫలితం తేలలేదు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపాడు. 3-1తో హైదరాబాద్ ఎఫ్‌సీ తొలిసారి ఛాంపియన్ అయింది.

ఆ సీజన్ పాయింట్ల పట్టిక మాత్రం మరో సంగతి చెబుతుంది. 11 జట్లు తలా 20 మ్యాచ్‌లు ఆడాక 43 పాయింట్లతో పైన నిలిచింది జంషెడ్‌పూర్. హైదరాబాద్ 38 పాయింట్లతో రెండోది. లీగ్ షీల్డు జంషెడ్‌పూర్‌కు దక్కింది. కానీ ఆ జట్టు సెమీస్‌లో కేరళ చేతిలో ఓడి ఇంటికెళ్లింది. నాలుగు నెలలు అందరికంటే బాగా ఆడినవాళ్లకు షీల్డు, చివరి రెండు వారాల్లో నిలదొక్కుకున్నవాళ్లకు కప్పు.

ఇద్దరిలో ఎవరు గొప్ప? పోటీని ఎలా రూపొందించామన్న దాన్నిబట్టే ఈ ప్రశ్నకు జవాబు ఉంటుంది. లీగ్ ఒక ప్రశ్న అడుగుతుంది, నాకౌట్ వేరే ప్రశ్న అడుగుతుంది. కాబట్టి ఫుట్‌బాల్ సీజన్‌ను తయారుచేసేవాళ్లు ముందుగా దేన్ని కొలవాలో తేల్చుకోవాలి. ఎన్ని మ్యాచ్‌లు, ఏ నెలల్లో, ఎవరు ఎవరితో అన్నవన్నీ ఆ తరువాతి మాటలు.

గోల్స్ తక్కువ, అదృష్టం ఎక్కువ

కబడ్డీలో ఒక్కో జట్టు ముప్ఫై పాయింట్ల దాకా తెచ్చుకుంటుంది. ఒక రైడ్ పొరపాటున పోయినా తరువాత సర్దుకోవచ్చు. ఫుట్‌బాల్‌లో మ్యాచ్ మొత్తానికి రెండు మూడు గోల్స్ పడితే ఎక్కువ. ఒక్క బంతి స్తంభానికి తగిలి బయటికి పోతే ఫలితమే తారుమారవుతుంది.

దీన్ని లెక్కలో చూద్దాం. ఒక జట్టు సగటున మ్యాచ్‌కు ఒకటిన్నర గోల్స్ చేస్తుందని, ఎదుటి జట్టు ఒక గోల్ చేస్తుందని అనుకుందాం. అరుదుగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగే ఘటనలను లెక్కించడానికి గణితంలో పాయిజాన్ విభాజనం ఉంది. దాని ప్రకారం బలమైన జట్టు నూటికి 49 సార్లు గెలుస్తుంది, 26 సార్లు డ్రా అవుతుంది, 25 సార్లు బలహీనమైన జట్టే గెలుస్తుంది. ఎదుటివారికంటే ఒకటిన్నర రెట్లు గోల్స్ చేయగల జట్టు కూడా నాలుగింట ఒక మ్యాచ్ ఓడిపోతుందన్నమాట.

అందుకే ఒక్క మ్యాచ్ ఫలితంతో బలం తేలదు. మ్యాచ్‌లు పెరిగేకొద్దీ అదృష్టం అటూ ఇటూ సమమవుతుంది. అయితే అది నెమ్మదిగా జరుగుతుంది. సగటులోని అనిశ్చితి సగానికి తగ్గాలంటే మ్యాచ్‌లను నాలుగు రెట్లు చేయాలి. ప్రపంచంలో చాలా లీగ్‌లు ప్రతి జట్టుతోనూ రెండేసి సార్లు, ఒకసారి సొంత మైదానంలో, ఒకసారి ఎదుటివారి మైదానంలో ఆడించడానికి ఇదొక కారణం.

నాకౌట్ చెప్పేదేమిటి

ఎనిమిది జట్ల నాకౌట్‌లో కప్పు గెలవాలంటే వరసగా మూడు మ్యాచ్‌లు నెగ్గాలి. ప్రతి మ్యాచ్‌లోనూ గెలిచే అవకాశం నూటికి 60 ఉన్న జట్టుకు కూడా కప్పు అందే అవకాశం నూటికి 22 మాత్రమే. నాలుగు రౌండ్లుంటే అది 13కు పడిపోతుంది.

ఈ లెక్కతో హైదరాబాద్ పాత చరిత్ర చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే నాకౌట్ పోటీ రోవర్స్ కప్ గెలిచింది. ఒక్కో కప్పుకు నాలుగు మ్యాచ్‌లని అనుకున్నా, వరసగా ఇరవై గెలుపులు. నూటికి 60 అవకాశం ఉన్న జట్టుకు ఇది 27 వేల ప్రయత్నాల్లో ఒకసారి జరుగుతుంది. ప్రతి మ్యాచ్‌లో నూటికి 90 అవకాశం ఉన్న జట్టు కూడా ఎనిమిదింట ఒకసారే సాధించగలదు. ఆ జట్టు దేశంలో మిగతావాళ్లకంటే ఎంత పైన ఉండేదో ఈ అంకెలే చెబుతాయి. అదే రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది.

నాకౌట్‌కు దాని విలువ దానికుంది. చిన్న జట్టు పెద్ద జట్టును పడగొట్టే ఉత్సాహం అందులోనే ఉంది. దాని లోపం మరోచోట ఉంది. పదహారు జట్ల నాకౌట్‌లో మొత్తం 15 మ్యాచ్‌లే జరుగుతాయి. ఎనిమిది జట్లు ఒక్క మ్యాచ్ ఆడి బస్సెక్కుతాయి. మన ఊళ్లలో సంక్రాంతికో, వేసవి సెలవులకో పెట్టే టోర్నమెంట్లు చాలావరకు ఇలాంటివే. ఇంకా నేర్చుకోవాల్సిన జట్టుకే ఆట అందరికంటే తక్కువ దొరుకుతుంది. ఆటగాళ్లు తయారుకావాలంటే లీగ్ కావాలి, దాని పక్కన కప్పూ ఉండాలి.

ఎనిమిది ఊళ్ల లీగ్

లీగ్ పట్టిక వేయడం ఎలా? కృష్ణా ప్రాంతంలో ఒక లీగ్ ఉందని ఊహిద్దాం. కొండపల్లి, విజయవాడ, మైలవరం, నందిగామ, నూజివీడు, ఏలూరు, గుడివాడ, మచిలీపట్నం. ఎనిమిది ఊళ్లు. ఒక్కో జట్టు మిగతా ఏడింటితో ఆడాలి కాబట్టి 28 మ్యాచ్‌లు. రెండేసి సార్లయితే 56.

మొదటి నాలుగు పేర్లను ఎడమ నుంచి కుడికి ఒక వరసలో రాయండి. వాటి కింద ఎడమ నుంచి మచిలీపట్నం, గుడివాడ, ఏలూరు, నూజివీడు రాయండి. పైనా కిందా ఎదురెదురుగా ఉన్నవాళ్లకే మ్యాచ్. అంటే మొదటి వారం కొండపల్లి-మచిలీపట్నం, విజయవాడ-గుడివాడ, మైలవరం-ఏలూరు, నందిగామ-నూజివీడు. తరువాత కొండపల్లిని కదపకుండా మిగతా ఏడు పేర్లను గడియారం ముల్లు తిరిగే వైపు ఒక్కో చోటు జరపండి. రెండో వారం కొండపల్లి-గుడివాడ, మచిలీపట్నం-ఏలూరు, విజయవాడ-నూజివీడు, మైలవరం-నందిగామ వస్తాయి. ఇలా ఏడు వారాలు తిప్పితే ప్రతి జట్టూ ప్రతి జట్టుతోనూ సరిగ్గా ఒకసారి ఆడుతుంది. జట్లు బేసి సంఖ్యలో ఉంటే ‘విశ్రాంతి’ అనే ఉత్తుత్తి జట్టును చేర్చాలి. దానికి ఎదురొచ్చినవాళ్లకు ఆ వారం సెలవు. హైదరాబాద్ గెలిచిన ఏడాది జట్లు పదకొండు కాబట్టి అప్పుడూ ప్రతి రౌండ్‌లో ఒక జట్టు ఖాళీగా ఉండాల్సిందే.

ఇక మైదానాల వంతు. ఈ వారం సొంతూళ్లో ఆడితే వచ్చేవారం బయట ఆడటం అందరికీ ఇష్టం. టికెట్లు అమ్మేవాళ్లకూ, ప్రయాణం చేసేవాళ్లకూ అదే అనుకూలం. అయితే అన్ని జట్లకూ అలా కుదరదు. వంతు ఎక్కడా తప్పకుండా రావాలంటే రెండే వరసలున్నాయి. సొంతూరుతో మొదలయ్యేది ఒకటి, బయటితో మొదలయ్యేది ఒకటి. ఒకే వరస ఉన్న రెండు జట్లు ప్రతి వారం ఒకేసారి ఇంట్లో ఉంటాయి, ఒకేసారి బయట ఉంటాయి కాబట్టి అవి ఎప్పటికీ కలుసుకోలేవు. అందుకే జట్లు సరి సంఖ్యలో ఎన్ని ఉన్నా రెండింటికి మించి ఈ భాగ్యం దక్కదు. మిగతా ఆరింటికీ కనీసం ఒక్కసారైనా వంతు తప్పుతుంది. ఇంతకంటే తగ్గించలేమని, ఇంతకు తగ్గించవచ్చని స్విట్జర్లాండ్ గణితజ్ఞుడు డొమినిక్ డి వెరా నిరూపించాడు. మా జట్టుకే వరసగా రెండు బయటి మ్యాచ్‌లు ఎందుకు పడ్డాయని అభిమానులు అడిగినప్పుడు, చాలాసార్లు జవాబు ఈ లెక్కలోనే ఉంటుంది.

జట్లు మరీ ఎక్కువైతే

36 జట్లుంటే ఒక్కోసారి ఆడించడానికే 630 మ్యాచ్‌లు కావాలి. యూరప్ ఛాంపియన్స్ లీగ్‌కు ఈ చిక్కే వచ్చింది. 2024-25 నుంచి వాళ్లు గ్రూపులు తీసేసి 36 జట్లనూ ఒకే పట్టికలో పెట్టారు. ఒక్కో జట్టు ఎనిమిది వేర్వేరు జట్లతో మాత్రమే ఆడుతుంది. 144 మ్యాచ్‌లతో పట్టిక పూర్తవుతుంది.

ఈ ఆలోచన చదరంగంలోని స్విస్ పద్ధతి నుంచి వచ్చింది. అందులో ప్రతి రౌండ్‌లోనూ దాదాపు సమాన పాయింట్లున్నవాళ్లను జత చేస్తారు. ఛాంపియన్స్ లీగ్‌లో ప్రత్యర్థులను ముందే డ్రా తీస్తారు కాబట్టి అది పూర్తి స్విస్ కాదు. అసలు స్విస్ పద్ధతిలో ప్రపంచాన్ని గెలిచిన మనిషి మన విజయవాడలోనే ఉంది. కోనేరు హంపి 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది ఈ పద్ధతిలోనే. 2025లో బటూమీలో జరిగిన మహిళల ప్రపంచ కప్ నాకౌట్. అక్కడ ఫైనల్ దాకా వచ్చి టైబ్రేక్‌లో దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడింది. స్విస్ పోటీలో ఒక ఓటమిని తరువాతి గెలుపులతో పూడ్చుకోవచ్చు. నాకౌట్‌లో ఆ వెసులుబాటు లేదు.

పట్టిక అడుగున ఏముంది

లీగ్‌లో సగం ఆట అయ్యేసరికి కొన్ని జట్లకు టైటిల్ ఆశ పోతుంది. ఇక వాళ్లు దేనికోసం ఆడాలి? చాలా దేశాల్లో దీనికి జవాబు, అడుగు జట్లను కింది అంచెకు దింపి, అక్కడ గెలిచినవాళ్లను పైకి తేవడం. జర్మనీ బుండెస్‌లిగాలో 18 జట్లుంటే చివరి రెండూ నేరుగా దిగిపోతాయి. 16వ జట్టు కింది అంచెలో మూడో స్థానం పొందిన జట్టుతో రెండు మ్యాచ్‌లు ఆడి తన చోటు నిలబెట్టుకోవాలి. అడుగు మూడు స్థానాల కోసం చివరి రోజు వరకూ పోరాటమే.

మన దగ్గర ఈ మెట్లు సగమే కట్టారు. 2023-24లో హైదరాబాద్ ఎఫ్‌సీ 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి, 8 పాయింట్లతో చివరన నిలిచింది. ఆటగాళ్లు చాలామంది మధ్యలోనే వెళ్లిపోయారు. అప్పట్లో ఐఎస్‌ఎల్‌లో కింది అంచెకు దిగడమనే నియమం లేదు కాబట్టి జట్టు అక్కడే ఉండిపోయింది. అదే హైదరాబాద్‌లో ఆడే శ్రీనిధి డెక్కన్ 2022-23లోనూ, 2023-24లోనూ కింది అంచె అయిన ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. పైకి ఎక్కేది మొదటి జట్టు ఒక్కటే కావడంతో పంజాబ్, మహమ్మదన్ స్పోర్టింగ్ వెళ్లాయి, శ్రీనిధి ఆగిపోయింది. 2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. బుండెస్‌లిగా తరహాలో రెండో, మూడో జట్టుకు కూడా పోరాడి పైకెళ్లే దారి ఉండి ఉంటే, తెలుగు నేలకు పై అంచెలో మరో జట్టు ఉండే అవకాశం మిగిలేది. నా బాధంతా అక్కడే.

పట్టికలో మరో జాగ్రత్త కూడా ఉంది. 1982 ప్రపంచ కప్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా తమ చివరి మ్యాచ్‌ను అల్జీరియా ఆడిన మరునాడు ఆడాయి. జర్మనీ ఒక గోల్ తేడాతో గెలిస్తే ఇద్దరూ ముందుకెళ్తారని ఇద్దరికీ తెలుసు. పదో నిమిషంలో గోల్ పడింది, ఆ తరువాత ఆట దాదాపు ఆగిపోయింది. అల్జీరియా అన్యాయంగా ఇంటికెళ్లింది. 1986 నుంచి గ్రూపు చివరి మ్యాచ్‌లన్నీ ఒకే సమయంలో మొదలవుతున్నాయి. ఏ లీగ్‌కైనా చివరి రౌండ్‌కు ఈ నియమం తప్పనిసరి.

ఎండ, వాన, తుపాను

సీజన్ ఏ నెలలో మొదలవ్వాలో నేల చెప్పాలి. మంచు పడే నార్వే, స్వీడన్ వసంతంలో మొదలుపెట్టి శరదృతువులో ముగిస్తాయి. వేసవి ఉక్కపోత ఒక కారణంగా జపాన్ 2026-27 నుంచి తన సీజన్‌ను ఆగస్టులో మొదలుపెట్టాలని నిర్ణయించింది. ఎండల వల్లే ఖతార్ ప్రపంచ కప్ 2022 నవంబరు, డిసెంబరుల్లో జరిగింది.

మన కొండపల్లి లీగ్ సంగతేమిటి? రోహిణి కార్తెలో పగటిపూట ఎవరినీ పరిగెత్తించకూడదు. జూన్ నుంచి వానలు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు డైవర్షన్ కాలువకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ ఎలా మునిగిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. దివిసీమను ముంచిన 1977 ఉప్పెన నవంబరు 19న వచ్చింది. మార్చిలో ఇంటర్, పదో తరగతి పరీక్షలు.

తుపాను భయం పూర్తిగా పోకపోయినా, మిగిలింది నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి వరకు, దాదాపు 15 వారాలు. రెండేసి సార్లు ఆడటానికి 14 వారాలు, సంక్రాంతికి ఒకటి. క్యాలెండర్ నిండిపోయింది. కప్పుకు, తుపానుకు వాయిదా పడే మ్యాచ్‌లకు చోటు బుధవారాల్లో వెతకాలి. ఒక మ్యాచ్‌లో కండరాలు ఖర్చుచేసిన గ్లైకోజెన్ మళ్లీ నిండటానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆదివారం లీగ్ మ్యాచ్ నుంచి బుధవారానికి మూడు రోజులు. సరిపోతుంది గానీ ప్రతి వారం అలా ఆడిస్తే గాయాలు తప్పవు. కాబట్టి కప్పుకు మూడు బుధవారాలు, వాయిదా మ్యాచ్‌లకు మూడు. సీజన్ మొదలుకాకముందే ఈ తేదీలన్నీ అచ్చు వేయించాలి. 2025లో వాణిజ్య హక్కుల ఒప్పందం తేలక ఐఎస్‌ఎల్ సమయానికి మొదలవ్వనప్పుడు, తేదీ తెలియని సీజన్ ఆటగాడి కడుపు కొడుతుందని దేశమంతా చూసింది.

పెద్ద లీగ్‌లకు చెప్పాల్సింది ఇదే: పట్టికలో మొదటి జట్టే ఛాంపియన్ కావాలి, నాకౌట్ ఉత్సాహానికి వేరే కప్పు ఉండాలి, కింద నుంచి పైకి తెరిచిన దారి ఉండాలి. చిన్న ఊళ్లకు చెప్పాల్సింది ఇంకా తేలిక. పదహారు జట్లను పిలిచి 15 మ్యాచ్‌లు ఆడించే బదులు, ఎనిమిది జట్లతో 56 మ్యాచ్‌లు ఆడించండి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ కొండపల్లి కుర్రాడికి ఏడాదికి ఒక్క మ్యాచ్ బదులు పద్నాలుగు దొరుకుతాయి. ఫుట్‌బాల్ ఆటగాడు తయారయ్యేది ఆ పద్నాలుగు మ్యాచ్‌ల్లోనే.