ఒకే ఛాతీలో ఉబ్బసం, సీఓపీడీ

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ కాలనీల్లో నల్లగొండ, సూర్యాపేట వైపు పల్లెల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. ఆ ఇళ్లలోని పెద్దవాళ్లను కదిపితే కొందరి కథ ఒకేలా ఉంటుంది. చిన్నప్పుడు చలికాలం వస్తే పిల్లికూతలు. వయసొచ్చాక అవి తగ్గాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి తాత బీడీలో చుట్టలో కాల్చాడు, అమ్మమ్మ కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుతూ వండింది. ఇప్పుడు రెండంతస్తుల మెట్లెక్కితే దమ్ము. ఒక డాక్టరు చీటీలో ఆస్తమా, అంటే ఉబ్బసం, అని రాస్తారు, ఇంకొకరు సీఓపీడీ అంటారు. ఎవరిని నమ్మాలో ఇంట్లోవాళ్లకు తెలియదు. చాలాసార్లు ఇద్దరి మాటా నిజమే కావచ్చు.

ఉబ్బసంలో గాలిగొట్టాల లోపలి పొర వాస్తుంది, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. దుమ్మో, జలుబో, చల్లగాలో తగిలితే ఆయాసం ఎక్కువవుతుంది, మందు పడితే గొట్టాలు మళ్లీ తెరుచుకుంటాయి. సీఓపీడీలో నష్టం నిలిచిపోతుంది. ఏళ్ల తరబడి పీల్చిన పొగ గొట్టాలను మందంగా, ఇరుకుగా చేస్తుంది, గాలి తిత్తుల గోడలను తినేస్తుంది. మందుతో కొంత ఊరట దొరుకుతుంది, పోయినది తిరిగి రాదు. ఉబ్బసం ఉన్న మనిషి పొగ పీలిస్తే రెండో జబ్బు మొదటిదాని మీద వచ్చి కూర్చుంటుంది. సరైన మందు లేకుండా దశాబ్దాలు గడిచిన ఉబ్బసం కూడా గొట్టాలను శాశ్వతంగా ఇరుకు చేయగలదు. పొగ తాగని ఆడవాళ్లకు సీఓపీడీ రాదనుకోవడం పెద్ద పొరపాటు. ఆ జబ్బు రావడానికి కట్టెలు, పిడకల పొగ చాలు.

ఆస్తమా మీద మార్గదర్శకాలు రాసే అంతర్జాతీయ బృందం ‘జీనా’, సీఓపీడీ మీద రాసే ‘గోల్డ్’ కలిసి 2014లో ఈ కలగలుపు స్థితికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టాయి. అది విడి జబ్బు కాదనీ, ఒకే మనిషిలో రెండు జబ్బులనీ తర్వాత తేల్చాయి. రోగికి పేరు కన్నా మందు ముఖ్యం. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

సీఓపీడీకి గొట్టాలను ఎక్కువసేపు తెరిచి ఉంచే ఇన్‌హేలర్లను మాత్రమే ఇవ్వడం మామూలే. అదే మనిషికి ఉబ్బసం కూడా ఉంటే, లోపలి వాపును తగ్గించే స్టెరాయిడ్ లేకుండా సాల్మెటరాల్, ఫార్మోటరాల్ లాంటివి వాడటం ప్రాణాల మీదికి తేవచ్చు. అమెరికాలో 26 వేల మందికి పైగా ఆస్తమా రోగులతో జరిగిన ఒక అధ్యయనం 2006లో వెలువడింది. అందులో సాల్మెటరాల్ తీసుకున్నవారిలో 13 మంది, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో ముగ్గురు ఆస్తమాతో చనిపోయారు. అందుకే ఉబ్బసం ఛాయలు ఉన్నవారికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తప్పనిసరి. ఉబ్బసం ఏమాత్రం లేని సీఓపీడీలో అదే స్టెరాయిడ్ న్యుమోనియా ముప్పును కాస్త పెంచుతుంది. కనుక అందరికీ ఒకే చీటీ పనికిరాదు.

తేల్చేది ఊదే పరీక్ష, స్పైరోమెట్రీ. గుండెనిండా గాలి పీల్చి బలంగా ఊదినప్పుడు, మొత్తం గాలిలో మొదటి సెకనులో ఎంత బయటికొచ్చిందో చూస్తారు. గొట్టాలు తెరిచే మందు పీల్చాక కూడా అది 70 శాతం కన్నా తక్కువ ఉంటే గొట్టాలు ఇరుకైనట్టు. మందు తర్వాత మొదటి సెకనులో ఊదిన గాలి 400 మిల్లీలీటర్లకు మించి పెరిగితే ఉబ్బసం గట్టిగా అనుమానించాలి. రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు మైక్రోలీటరుకు 300 దాటడం కూడా స్టెరాయిడ్ పనిచేస్తుందనడానికి ఒక గుర్తు. ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ కూడా తీయించాలి, ఎందుకంటే పాత టీబీ మచ్చలు, గుండె బలహీనత కూడా ఇలాంటి ఆయాసమే తెస్తాయి.

ఈ పరీక్షల కోసం ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఎర్రగడ్డలో దిగవచ్చు. ప్రభుత్వ ఛాతీ ఆస్పత్రి ఉన్నది అక్కడే. అదే దారిలో నాంపల్లి వస్తుంది. ఏటా మృగశిర కార్తెకు బత్తిని కుటుంబం చేప ప్రసాదం పంచే ఎగ్జిబిషన్ మైదానం అక్కడుంది. నమ్మకంతో వెళ్లేవారిని నేను తప్పుపట్టను. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని నిరూపించిన పరీక్షలు మాత్రం లేవు. దాన్ని నమ్మి ఇన్‌హేలర్ ఆపడం నన్ను నిజంగా భయపెడుతుంది.

పంపు, అంటే ఇన్‌హేలర్, ఒకసారి మొదలుపెడితే వదలదన్న భయం మన ఇళ్లలో చాలా లోతుగా పాతుకుపోయింది. పీల్చే స్టెరాయిడ్ మైక్రోగ్రాముల్లో నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. ఆయాసం ముదిరాక మింగే స్టెరాయిడ్ మాత్ర మిల్లీగ్రాముల్లో ఒళ్లంతా తిరుగుతుంది. మొదటిది మానేసినవారే తరచూ రెండోదాని దాకా వస్తారు. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే నోటిపూత ముప్పు తగ్గుతుంది. మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలబడినా, వెంటనే ఊరటనిచ్చే నీలిరంగు పంపు పనిచేయకపోయినా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మీ చిన్ననాటి పిల్లికూతలు, బీడీ కాల్చిన ఏళ్లు, కట్టెల పొయ్యి ముందు గడిపిన కాలం, అన్నీ చెప్పండి. వారు అడగకపోయినా చెప్పండి. వారిని అడగకుండా స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను మాత్రం ఒక్కరోజూ ఆపకండి.