నర్సాపూర్ రోడ్డులో చదువు, పరిశ్రమ

దక్షిణ కొరియా ఎదుగుదలకు చదువే మూలమని చెప్పడం పరిపాటి అయినా, ఆ దేశం ఏ చదువును ఏ దశలో అందించిందో చూడకపోతే ఆ మాటలో సగమే నిజం. జపాను పాలన ముగిసిన 1945 నాటికి అక్కడ చదవడం, రాయడం వచ్చినవారు సుమారు 22 శాతం కాగా, 1961 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 21 శాతం. కొరియా 1949 చట్టంతో ప్రాథమిక విద్యను నిర్బంధం చేసి, పదేళ్లు గడిచేసరికి దాదాపు పిల్లలందరినీ బడికి చేర్చి, 1962 నాటి మొదటి పంచవర్ష ప్రణాళికతో ఎగుమతి పరిశ్రమల్లోకి దిగి, 1967లో వృత్తి శిక్షణ చట్టం తెచ్చింది. విశ్వవిద్యాలయాల సీట్లు భారీగా పెరిగింది 1980 తర్వాతే. ఆంధ్రప్రదేశ్‌లో 1991లో కూడా అక్షరాస్యత 44 శాతమే గానీ, మరో ఇరవై ఏళ్లకు ఇంజినీరింగ్ కళాశాలల సంఖ్య మాత్రం 700 దాటింది.

ఆ విస్తరణ ఎలా ఉంటుందో హైదరాబాద్ నుంచి నర్సాపూర్ వెళ్లే రోడ్డులోని గండిమైసమ్మ చౌరస్తాలో ఉదయం పూట కళ్లకు కడుతుంది: దుండిగల్, మైసమ్మగూడ, కండ్లకోయ దారుల్లోని కళాశాలల బస్సులు ఒకదాని వెనుక ఒకటి బారులు తీరుతాయి, హాస్టల్ బోర్డులు మేడల మీద పోటీ పడతాయి, జిరాక్స్ దుకాణాల్లో ల్యాబ్ రికార్డులూ పాత ప్రశ్నపత్రాలూ దొరుకుతాయి. దుండిగల్‌లో ఏరోనాటికల్ ఇంజినీరింగ్ పేరుతో 2000లో, ఎం.ఎల్.ఆర్. పేరుతో 2005లో సంస్థలు వెలిశాయి. ఆ తర్వాత వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే కన్వీనర్ కోటాలో సీటు పొందిన పేద విద్యార్థి ఫీజును ప్రభుత్వమే కళాశాలకు చెల్లించే పథకం, ఇంజినీరింగ్ గడప తొక్కని కుటుంబాలకు దారి చూపింది. అది చిన్న విషయం కాదు. అయితే పథకం సీటుకు డబ్బు కట్టింది గానీ, ఆ సీటుకూ చుట్టుపక్కల పరిశ్రమకూ ముడి వేయలేదు.

చదువుకూ పరిశ్రమకూ మధ్య కొరియా తరహా ముడి ఇదే రోడ్డులో ఒకప్పుడు పడింది. బాలానగర్ నుంచి నర్సాపూర్ వెళ్లే ఈ దారిలోనే, 1960లలో, సోవియట్ సహకారంతో ప్రభుత్వరంగ ఔషధ సంస్థ ఐ.డి.పి.ఎల్. కర్మాగారం వెలిసింది. పుస్తకంలోని రసాయనశాస్త్రాన్ని టన్నుల లెక్కన మందుగా మార్చే పద్ధతి అక్కడ నేర్చుకున్న శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు బయటికి వచ్చి సొంత సంస్థలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన కల్లం అంజిరెడ్డి వారిలో ఒకరు. బాచుపల్లి, గాగిల్లాపూర్‌ల మందుల ఫ్యాక్టరీలు ఆ పరంపరలోనివే. ఐ.డి.పి.ఎల్. తానుగా ఖాయిలా పడినా, హైదరాబాద్‌కు అది బడిలా పనిచేసిందనడం అతిశయోక్తి కాదు.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలకు కూతవేటు దూరంలో చదివే విద్యార్థుల చూపు ఎక్కువగా ఐటీ కంపెనీలున్న మాదాపూర్, గచ్చిబౌలి వైపే. ఇప్పటి తెలంగాణలోని ఇంజినీరింగ్ సీట్లలో సగానికి పైగా కంప్యూటర్ సైన్సు, దాని అనుబంధ శాఖలవే. తల్లిదండ్రులను తప్పుపట్టే పని లేదు, జీతం ఎక్కడుంటే పిల్లలు అక్కడికే పోతారు. కొరియాలోనూ మంచి కొలువు కోసం ఇలాంటి పరుగే మొదలైంది: పిల్లలు బడి వదలగానే హాగ్వన్ అనే ప్రైవేటు కోచింగ్ కేంద్రాలకు పోతారు, 1980లో ప్రభుత్వం ప్రైవేటు ట్యూషన్లను నిషేధిస్తే 2000లో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది, ఉన్నత విద్యా ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు వినికిడి భాగం జరిగే కాసేపు విమానాలు కూడా ఎగరవు. 25–34 ఏళ్లవారిలో సుమారు 70 శాతం మంది ఉన్నత విద్య ముగించినా, అందరి పోటీ కొద్దిపాటి పెద్ద కంపెనీల కొలువుల కోసమే కావడంతో, ఆ దేశం 2010లో మైస్టర్ ఉన్నత పాఠశాలలు తెరిచింది. అక్కడ పాఠ్యాంశాల తయారీలోనే కంపెనీలకు చోటిచ్చి, చదువు ముగిసిన పిల్లలను డిగ్రీ దారి పట్టించకుండా నేరుగా పనిలోకి పంపుతున్నారు.