నాలుగు అరచేతుల నేల

పాఠ్యాంశ ఉద్దేశం

వాహనానికి వేగం ఇంజను వలన కలుగుతుంది. క్షేమం మాత్రం చక్రానికీ నేలకూ మధ్యగల పట్టు వలన కలుగుతుంది. ఈ సత్యాన్ని ఒక ప్రమాదం ఆధారంగా వివరించి, వాహనం నడపబోయే వయస్సులో ఉన్న విద్యార్థులకు టైర్ల ప్రాధాన్యాన్ని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కురుక్షేత్ర సంగ్రామంలో పదిహేడవ నాడు కర్ణుని రథచక్రం నేలలో క్రుంగిపోయింది. ఆ క్షణాన అతని విలువిద్యగాని, శౌర్యంగాని, దివ్యాస్త్రాలుగాని అక్కరకు రాలేదు. అందుకు శాపం కారణమని భారతం చెబుతుంది. శాపాన్ని పక్కన ఉంచి చూసినా ఆ ఘట్టంలో ఒక లౌకిక సత్యం కనిపిస్తుంది. రథికుడు ఎంతటివాడైనా, గుర్రాలు ఎంత మేలుజాతివైనా, రథం నడిచేదీ నిలిచేదీ చక్రం నేలను తాకే చోటనే. ఏళ్ళ తరబడి తరగతి గదిలో ఆ ఘట్టాన్ని బోధించిన నాకు, ఈ సత్యం అనంతగిరి ఘాట్ రోడ్డు మీద జరిగిన ఒక ప్రమాదం వలన మాత్రమే పూర్తిగా బోధపడింది.

2022 జూన్ నెలలో మా అన్నగారి అబ్బాయి తన మిత్రునితో కలిసి అరకులోయ చూసి, శృంగవరపుకోట వైపు కొండ దిగి వస్తున్నాడు. ఉద్యోగంలో చేరిన ఏడాదికే వాడు కూడబెట్టిన డబ్బుతో ఒక పాత కారు కొన్నాడు. అది చూడటానికి చిన్నదే గాని, దాని ఇంజను పెద్ద కార్లను వెనుకకు నెట్టగలది. అప్పుడే తొలకరి జల్లు పడి ఆగింది. వేసవి అంతా రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, చమురు ఆ కొద్దిపాటి నీటితో కలిసి జారుడు పొరగా మారాయి. ఒక మలుపులో వేగం ఎక్కువైనట్లు తోచి, వాడు యాక్సిలరేటరు మీది నుండి కాలు చటుక్కున తీసి బ్రేకు తొక్కాడు. కారు ముందుభాగం చెప్పినట్లే వింది. వెనుకభాగం మాత్రం పక్కకు జారి, బొంగరంలా తిరిగి కొండరాయికి కొట్టుకున్నది. లోయ రెండవ వైపున ఉండటం వలన ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. కాని మిత్రుని తొడ ఎముక విరిగింది. పోలీసు ఉద్యోగం కోసం రెండేళ్ళుగా తెల్లవారుజామున పరుగు సాధన చేస్తున్న ఆ యువకుడు, ఆ ఏడాది దేహదారుఢ్య పరీక్షకు హాజరు కాలేకపోయాడు.

ఆ కారును తరువాత నేను చూశాను. ముందు చక్రాలకు సరికొత్త టైర్లు ఉన్నాయి. వెనుకవి దాదాపు గుండు టైర్లు. కారణం అడిగితే మావాడు తల వంచుకుని, “ఇంజను తిప్పేది ముందు చక్రాలనే కదా బాబాయ్, వెనుకవి ఊరికే వెంట వస్తాయి అనుకున్నాను” అన్నాడు. ఆ ఒక్క మాటలోనే ప్రమాదానికి మూలం ఉన్నది.

వాడు నడిపిన తరహా కార్లకు పాశ్చాత్య దేశాలలో ‘హాట్ హ్యాచ్’ అని పేరు. వెనుక తలుపు పైకి తెరుచుకునే చిన్న కుటుంబ కారును హ్యాచ్‌బ్యాక్ అంటారు. అటువంటి తేలికైన కారులో శక్తిమంతమైన ఇంజనును అమర్చితే అది హాట్ హ్యాచ్ అవుతుంది. ఈ జాతికి ప్రసిద్ధి తెచ్చినది జర్మనీకి చెందిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జిటిఐ. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో కనిపించి, 1976లో అమ్మకానికి వచ్చిన ఆ కారులో 110 అశ్వసామర్థ్యంగల ఇంజను ఉండేది. మొదట 5,000 కార్లు మాత్రమే తయారుచేయాలని సంస్థ భావించింది. కాని ఆ తొలి తరం కార్లే నాలుగున్నర లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. 1984లో ఫ్రాన్సు నుండి ప్యూజో 205 జిటిఐ వచ్చింది. మన దేశానికి 2016లో పోలో జిటిఐ, 2025లో గోల్ఫ్ జిటిఐ పరిమిత సంఖ్యలో వచ్చాయి.

ఈ కార్లలో అధికభాగం ఇంజను బరువును ముందు మోస్తూ, ముందు చక్రాలతోనే నడుస్తాయి. మలుపులో ఉన్నప్పుడు యాక్సిలరేటరు వదిలినా, బ్రేకు తొక్కినా కారు బరువు ముందుకు ఒరుగుతుంది. అప్పుడు వెనుక చక్రాల మీద భారం తగ్గుతుంది. భారం తగ్గితే పట్టు తగ్గుతుంది. వెనుక టైర్లు మంచివైతే ఆ కొరతను తట్టుకోగలవు. అరిగినవైతే జారిపోతాయి. ముందు చక్రాలు జారితే కారు మలుపు తిరగక తిన్నగా పోతుంది. అప్పుడు నెమ్మదిగా వేగం తగ్గిస్తే చాలాసార్లు అదుపు తిరిగి వస్తుంది. వెనుక చక్రాలు జారితే కారు గిరగిర తిరుగుతుంది. దానిని సరిదిద్దడం నేర్పరులకే కష్టం. అందుచేత రెండు టైర్లే కొత్తవి కొన్నప్పుడు వాటిని వెనుక చక్రాలకు వేసి, అరుగుదల తక్కువగా ఉన్న పాతవాటిని ముందుకు మార్చుకోవాలని నిపుణులు చెబుతారు. బాగా అరిగినవాటిని ఎక్కడా ఉంచరాదు.

ఒక్కొక్క టైరు ఏ క్షణంలోనైనా నేలను తాకేది సుమారు అరచేయి వెడల్పు మేరకే. అనగా వెయ్యి కిలోల కారును, అందులోని మనుషులను నేలకు పట్టి ఉంచేది నాలుగు అరచేతులంత చోటు మాత్రమే. కారు ముందుకు దూకినా, మలుపు తిరిగినా, ఆగినా ఆ శక్తి అంతా అక్కడి నుండే రావాలి. టైరు పట్టు ఒకే మూటలోని ధనం వంటిది. బ్రేకు కోసం ఎక్కువ వ్యయం చేస్తే మలుపు కోసం మిగిలేది తక్కువ. చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏబిఎస్ వంటి ఏర్పాట్లు ఆ ధనాన్ని పొదుపుగా వాడగలవు గాని, లేని ధనాన్ని సృష్టించలేవు.

ఈ విషయాన్ని లెక్కతో చూద్దాం. పొడి రోడ్డు మీద మంచి టైరుకు ఘర్షణ గుణకం 0.8 అనీ, తడి రోడ్డు మీద అరిగిన టైరుకు 0.4 అనీ అనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు బ్రేకు పట్టిన తరువాత మొదటి స్థితిలో సుమారు 32 మీటర్లలో ఆగుతుంది. రెండవ స్థితిలో 63 మీటర్లు కావాలి. మొదటి కారు ఆగిన చోటికి చేరేసరికి రెండవ కారు ఇంకా గంటకు 57 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. ఎదుట ఉన్నది రాయి కావచ్చు, రోడ్డు దాటుతున్న పసిబిడ్డ కావచ్చు. అలాగే 50 మీటర్ల వ్యాసార్ధంగల మలుపును మొదటి స్థితిలో 71 కిలోమీటర్ల వేగం వరకు తిరగవచ్చు. రెండవ స్థితిలో 50 దాటితే జారుడే. ఇంజను బలం ఈ లెక్కలో ఎక్కడా రాదు.

టైరు ఈ పట్టును ఎలా సంపాదిస్తుంది? 1839లో అమెరికాకు చెందిన చార్లెస్ గుడియర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి, దానికి గట్టిదనం, సాగేగుణం కలిసి ఉండే పద్ధతిని కనుగొన్నాడు. 1888లో బెల్‌ఫాస్ట్ నగరంలో పశువైద్యుడైన జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రాల సైకిలు కుదుపులు తగ్గించటానికి గాలి నింపిన టైరును తయారుచేసి, దానికి పేటెంటు పొందాడు. మెత్తని రబ్బరు రోడ్డు మీది సూక్ష్మమైన ఎగుడుదిగుళ్ళలోకి ఒదిగి వాటిని పట్టుకుంటుంది. వాన కురిసినప్పుడు రబ్బరుకూ రోడ్డుకూ మధ్య నీరు చేరుతుంది. టైరు మీది గాడులు ఆ నీటిని పక్కలకు తరిమివేస్తాయి. గాడులు అరిగిపోతే నీటికి దారి ఉండదు. వేగం పెరిగినప్పుడు టైరు నీటిపొర మీద తేలుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా ఫలితం స్వల్పం. కనుక గాడులు అందం కోసం చెక్కినవి కావు. అవి నీరు పోయే కాలువలు.

కాలం కూడా టైరుకు శత్రువే. ఎండకు, గాలికి రబ్బరు క్రమంగా గట్టిపడి పగుళ్ళు బారుతుంది. ఎంత తక్కువ తిరిగినా పాత టైరు పాతదే. టైరు పక్కభాగంలో నాలుగు అంకెల సంఖ్య ఉంటుంది. మొదటి రెండు అంకెలు తయారైన వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. మావాడి కారు వెనుక టైర్ల మీద 2215 అని ఉన్నది. అనగా అవి 2015లో 22వ వారంలో తయారైనవి. ప్రమాదం నాటికి వాటి వయస్సు ఏడేళ్ళు. ఆ అంకెలు మొదటి నుండీ అక్కడే ఉన్నాయి, చదివినవారు లేరు.

మన దేశ నిబంధనల ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. గాడుల అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే మార్చవలసిన సమయం వచ్చినట్లే. గాలి ఒత్తిడిని నెలకు ఒకసారైనా, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. గాలి తక్కువైతే టైరు పక్కలు అతిగా వంగి, వేడెక్కి, పగిలిపోయే ప్రమాదం ఉంది. గాలి ఎక్కువైతే నేలను తాకే చోటు తగ్గుతుంది. ఈ పరీక్షలకు పట్టే సమయం పది నిమిషాలు మాత్రమే.

మావాడు ఆ కారుకు మెరిసే చక్రాలు, చెవులు అదిరే సంగీత పరికరాలు కొన్నాడు. వెనుక టైర్ల ఖర్చు మాత్రం వచ్చే నెలకు వాయిదా వేశాడు. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. గొడ్డలి దెబ్బ తగిలినది తనకు కాక పక్కన కూర్చున్న మిత్రునికి కావడం వాడిని ఎక్కువగా బాధించింది. స్టీరింగు పట్టినవాని నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించేది తరచుగా మరొకరు.

ఇప్పటికీ వాడు కారు నడుపుతున్నాడు. ఎక్కేముందు నాలుగు చక్రాల దగ్గరా వంగి, టైర్లను చేతితో తడిమి చూస్తాడు. వెనుకవాటి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాడు. దూరం నుండి చూసినవారు మొక్కుతున్నాడనుకుంటారు.

ప్రశ్నలు

1. రచయిత కర్ణుని వృత్తాంతాన్ని ఏ సందర్భంలో ప్రస్తావించాడు?
2. “వెనుకవి ఊరికే వెంట వస్తాయి” అన్న అభిప్రాయం ఎందుకు ప్రమాదకరమో వివరించండి.
3. టైరు పట్టును ‘ఒకే మూటలోని ధనం’తో పోల్చడంలోని ఔచిత్యం ఏమిటి?
4. టైరు మీది గాడుల ప్రయోజనాన్ని తెలపండి.
5. మీ ఇంటిలోని వాహనం టైర్లను పరిశీలించి, వాటి వయస్సు, గాడుల స్థితి గురించి పది పంక్తులు రాయండి.