సముద్రం చూడ్డానికి సరే... తినేదెక్కడ?

వరసగా మూడు రోజులు సెలవులొచ్చాయి. గది బుక్ చేశారు. టైర్లలో గాలి చూసుకున్నారు. తాతయ్య మాత్రలు, పిల్లల టోపీలు, కూలింగ్ గ్లాసులు అన్నీ సంచిలోకి చేరాయి. దారిలో ఎక్కడ తినాలన్నది మాత్రం ఎవరూ అనుకోలేదు. ‘ఆకలేసినప్పుడు చూద్దాంలే, దారి పొడవునా హోటళ్లేగా’ అనేస్తారు చాలామంది. ఇబ్బంది మొదలయ్యేది అక్కడే. కడుపు కాలుతున్న మనిషి హోటల్‌ను ఎంచుకోడు, కనిపించినదాంట్లోకి దూరిపోతాడు. వెనక సీట్లో పిల్లాడు ఏడుస్తూ, షుగర్ మాత్ర వేసుకుని గంట దాటిన తాతయ్య పక్కనే ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

మన రాష్ట్రంలో సముద్రాన్ని చూస్తూ వెళ్లగలిగే దారుల్లో కాకినాడ నుంచి భీమిలి ప్రయాణం ఒకటి. కాకినాడ దాటగానే ఉప్పాడ బీచ్ రోడ్డు. అక్కడి నుంచి పిఠాపురం మీదుగా లోపలికి మళ్లి, కత్తిపూడి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే అన్నవరం, తుని, అనకాపల్లి, విశాఖ. మళ్లీ ఆర్కే బీచ్ నుంచి సముద్రం పక్కనే రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బల మీదుగా గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలి దాకా. అంతా కలిపి దాదాపు 200 కిలోమీటర్లు. హాయిగా ఒక్క పగలు చాలు. ఆ పగలు ఎక్కడ ఆగాలో, ఏం అడిగి తినాలో ఒకసారి అనుకుందాం. మీ దారి సూర్యలంక వైపైనా, కళింగపట్నం వైపైనా ఈ లెక్క పెద్దగా మారదు.

ఆకలిని కాదు, గడియారాన్ని చూడండి

పొద్దున ఆరున్నరకు బయల్దేరితే ఎనిమిదింటికల్లా టిఫిన్, పదకొండుకు చిన్న విరామం, ఒంటిగంట లోపు భోజనం, నాలుగింటికి టీ. ఆగే ఊళ్లు ముందే అనుకోండి. ఫలానా హోటలే అని పట్టుబట్టక్కర్లేదు, ఫలానా ఊరు అనుకుంటే చాలు. ఊరు దాటిపోయాక రోడ్డు పక్కన విసిరేసినట్టు ఒంటరిగా ఉండే హోటల్‌కన్నా, ఆ ఊరివాళ్లు రోజూ తినే చోటే నయం. రోజూ వచ్చేవాడికి పాచిది పెడితే రేపు రాడు. దారిన పోయేవాడు ఎలాగూ మళ్లీ రాడు కదా!

సముద్రం బాగా కనిపించే హోటల్లో వంట కూడా బాగుంటుందని నమ్మకం పెట్టుకోవద్దు. అక్కడ అమ్ముడుపోయేది కిటికీ. సముద్రాన్ని ఒడ్డున కూర్చుని చూడొచ్చు, అన్నం సందులో తినొచ్చు.

లోపలికి వెళ్లగానే మెనూ కార్డు కాదు, మూడు చోట్లు చూడండి. ఒకటి, చేతులు కడుక్కునే చోట సబ్బు ఉందా? కస్టమర్లకే సబ్బు పెట్టనివాళ్లు వంటింట్లో పెడతారా? రెండోది, పక్క టేబుళ్ల మీద పళ్లాల్లోంచి ఆవిరి వస్తోందా? మూడోది, గోడ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు. అందులో 14 అంకెల నంబరు ఉంటుంది. 2022 జనవరి నుంచి బిల్లు మీద కూడా ఆ నంబరు వేయాలన్నది నిబంధన. లైసెన్సు ఉన్నంత మాత్రాన వంట శుభ్రమని కాదు గానీ, తేడా వస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. ఇక మెనూలో ఇడ్లీ నుంచి నూడుల్స్ దాకా 200 రకాలుంటే ఒక్క నిమిషం ఆలోచించండి. అన్నీ అప్పటికప్పుడు వండడం ఎవరి తరమూ కాదు. సగం ఫ్రిజ్‌లోంచే రావాలి.

పెసరట్టు ఓకే... మరి చట్నీ?

తూర్పు తీరంలో పొద్దున టిఫిన్‌కు ఢోకా లేదు. ఆవిరి మీద ఉడికిన ఇడ్లీ, పెనం మీద నుంచి నేరుగా పళ్లెంలోకి వచ్చే పెసరట్టు ప్రయాణంలో చాలావరకు భయం లేని తిండి. షుగర్ ఉన్నవాళ్లకు రెండు పూరీలకన్నా ఒక పెసరట్టు మేలు. పెసల్లో ప్రొటీన్, పీచు ఉంటాయి, చక్కెర ఒక్కసారిగా పైకి లేవదు. ఉప్మా పెసరట్టయితే మాత్రం లోపల ఉప్మా సగం తగ్గించమనండి.

తంటా అంతా చట్నీతోనే. సముద్రపు ఒడ్డున గాలిలో వేడి, తేమ రెండూ ఎక్కువే. తెల్లవారుజామున రుబ్బిన కొబ్బరి చట్నీ బకెట్లో మూత లేకుండా ఉంటే పది గంటలకల్లా పులుపు తిరుగుతుంది. ఆహారం 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నంతసేపూ సూక్ష్మక్రిములకు పండగే. ఆలస్యంగా టిఫిన్‌కు ఆగారా? కొబ్బరి చట్నీ పక్కన పెట్టి అల్లం పచ్చడో, కారప్పొడో అడగండి. పొగలు కక్కే సాంబారైతే ఇబ్బంది లేదు.

ఇంటి నుంచి కట్టుకెళ్లేవాళ్లకు ఒక మాట. మన పెద్దవాళ్లు ప్రయాణానికి పులిహోరే ఎందుకు కలిపేవాళ్లో తెలుసా? చింతపండు పులుపులో క్రిములు అంత తొందరగా పెరగవు. తెల్లన్నం అలా కాదు. వండినా చావని కొన్ని బీజకణాలు అందులో ఉండిపోతాయి. గంటల తరబడి బయట ఉంచితే అవి మొలకెత్తి విషాన్ని వదులుతాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వాంతులు చాలాసార్లు దీనివల్లే. రాత్రి మిగిలిన అన్నంతో మధ్యాహ్నం ఫ్రైడ్ రైస్ వేసే బండి దగ్గర ఆగొద్దనేది ఇందుకే.

చేప తాజాదేనా?

బీచ్ రోడ్డుకొచ్చి చేప తినకుండా వెళ్లమంటే ఎవరూ వినరు. వినక్కర్లేదు కూడా. తాజా చేప అంత మంచి ప్రొటీన్ ఇంకొకటి దొరకడం కష్టం. కాకపోతే క్యాలెండర్ ఒకసారి చూడండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేటకు నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమది. మన పిల్లల వేసవి సెలవులూ సరిగ్గా అప్పుడే. ఆ రెండు నెలల్లో ‘ఇప్పుడే సముద్రంలోంచి వచ్చింది సార్’ అని వంజరం ముక్క చూపిస్తే కొంచెం అనుమానించండి. చిన్న తెప్పల వాళ్లు తెచ్చేది కొద్దిగా ఉంటుంది, మిగతాది ఐసులో ఉన్నదో, చెరువు చేపో అయి ఉంటుంది. ఐసులో సరిగ్గా ఉంచితే తప్పేం లేదు. సగం కరిగి, మళ్లీ గడ్డకట్టి, మళ్లీ కరిగిందైతేనే ముప్పు.

కనుక వేపుడు ఆర్డర్ చేసే ముందు ‘పచ్చి చేప ఒకసారి చూపించండి’ అనండి. మొహమాటం వద్దు. బీచ్ షెడ్లలో చాలామంది వాళ్లంతట వాళ్లే పళ్లెంలో తెచ్చి చూపిస్తారు. కన్ను ఉబ్బి మెరుస్తూ ఉండాలి, లోపలికి పోయి తెల్లబారకూడదు. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడకుండా పైకి లేవాలి. సముద్రపు వాసన రావాలి గానీ ముక్కు మూసుకునే నీచు వాసన రాకూడదు. ముందే కారం, మసాలా దట్టించి ఎండలో పేర్చిన ముక్కల్లో ఇవేవీ తెలియవు. అంత ఎర్ర రంగు ఎందుకు పూశారో కూడా తెలియదు. అలాంటివి వదిలేయండి.

కనగర్తలు, కవళ్లు, ట్యూనా, వంజరం లాంటి చేపలతో ఇంకో చిక్కుంది. పట్టిన వెంటనే ఐసులో వేయకపోతే వాటి కండలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది. ఎంత వేయించినా, ఉడికించినా అది పోదు. తిన్న కొద్ది నిమిషాల నుంచి గంట లోపు ముఖం, మెడ ఎర్రబడి దురద, తలనొప్పి, గుండె దడ వస్తాయి. ‘నాకు చేపలు పడవు’ అనుకునేవాళ్లలో కొందరికి పడనిది చేప కాదు, నిల్వ. చాలామందికి కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. ఆయాసం వచ్చినా, పెదాలు, నాలుక వాచినా మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. రొయ్యలు, పీతలతో నిజమైన అలర్జీ వచ్చేవాళ్లూ ఉంటారు. పిల్లలకు మొదటిసారి రొయ్య పెట్టడానికి ఆసుపత్రికి దూరంగా ఉన్న బీచ్ తగిన చోటు కాదు.

మూకుడులోకీ ఓ చూపు వేయండి. నూనె నల్లగా, చిక్కగా, నురగ కక్కుతూ ఉంటే అది పొద్దుటి నుంచే కాదు, నిన్నటి నుంచి మరుగుతున్నదే. వాడిన నూనెలో పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే పారబోయాలని 2018 నుంచి నిబంధన ఉంది. షెడ్డు దగ్గర ఆ కొలత ఎవరూ తీయరు, మీ కన్నే కొలత. అక్కడ వేపుడు మానేసి పులుసు అడగండి. బాగా మరిగిన చేపల పులుసు రుచికీ తక్కువ కాదు.

తాతయ్య, డ్రైవరు, పిల్లలు

ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లు ఇంట్లో చేసినట్టు ‘అరగంటలో భోజనం’ అనే లెక్కతో కారులోనే మందు వేసుకోకూడదు. ట్రాఫిక్ ఆగిపోతే, హోటల్లో టేబుల్ దొరకకపోతే చక్కెర పడిపోతుంది. ప్రయాణంలో మందు వేళ ఎలా సర్దుకోవాలో బయల్దేరే ముందే మీ డాక్టర్‌ను అడగండి. పళ్లెం ఎదురుగా వచ్చాకే మందు అనే అలవాటు చాలామందికి సరిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు టీ స్పూన్ల గ్లూకోజు లేదా పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ఇన్సులిన్‌ను ఎండలో ఆపిన కారులో వదిలేయొద్దు, దిగినప్పుడల్లా వెంట తీసుకెళ్లండి. అన్నవరం ప్రసాదమూ, కాకినాడ కాజా ఎదురొచ్చినప్పుడు తాతయ్యకు వద్దని చెప్పడం కష్టమే. గోధుమ రవ్వ, నెయ్యితో చేసిన తీయటి ప్రసాదం చెంచాడు కళ్లకద్దుకుని తింటే పుణ్యం తగ్గదు. అడ్డాకు పొట్లం మొత్తం ఖాళీ చేస్తేనే చిక్కు.

స్టీరింగ్ పట్టుకున్నవాళ్ల సంగతి అందరూ మరిచిపోతారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య ఒళ్లు సహజంగానే కునుకు కోరుతుంది. దానికి బిర్యానీ, కూల్‌డ్రింక్ తోడైతే అనకాపల్లి దాటేలోపే రెప్పలు వాలతాయి. వాళ్లకు సగం అన్నం, పప్పు, ఆకుకూర, పెరుగు చాలు. భోజనమయ్యాక పావుగంట నడక, అవసరమైతే 20 నిమిషాల కునుకు. వేపుడు కోరిక భీమిలి చేరాక, కారు తాళాలు జేబులో పడ్డాక తీర్చుకోవచ్చు.

కారులో తిప్పే పిల్లలకు కడుపు పూర్తిగా ఖాళీగానూ, పూర్తిగా నిండుగానూ ఉండకూడదు. రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో పెట్టి, కదిలే బండిలో ఫోన్ చేతికివ్వకండి. బీచ్‌లో వాళ్లు అడిగేవి మొక్కజొన్న పొత్తు, మురీ మిక్చర్, ముంజలు. పొత్తు నిప్పుల మీద కాలుతుంది గనుక మంచిదే. దాని మీద ఉప్పుకారం రుద్దే నిమ్మచెక్క ఎంతమంది పొత్తుల మీద తిరిగిందో చూడండి. ముంజలు మీ ఎదురుగా కొట్టించి తీసినవే కొనండి, కోసి పరిచిన అనాస ముక్కలు వద్దు. చెరకు రసం, మజ్జిగలో ఐసు వేయొద్దని ముందే చెప్పండి. కొబ్బరిబొండం అన్నిటికన్నా నయం, దాన్ని ఎవరూ కల్తీ చేయలేరు. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమన్నవాళ్లకు మాత్రం అదీ కుదరదు.

ఇంకొక విషయం ఆడవాళ్లు పైకి చెప్పరు. దారిలో టాయిలెట్ దొరకదేమోనని పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. ఎండలో ఎనిమిది గంటలు అలా గడిపితే తలనొప్పి, మూత్రంలో మంట, మరుసటి రోజుకు జ్వరం. కాబట్టి ఆగే చోటును ఎంచుకోవడమంటే మంచి టాయిలెట్‌ను ఎంచుకోవడం కూడా. ఆర్డర్ చెప్పకముందే ఒకరు వెళ్లి చూసి రండి. బాగోలేకపోతే లేచి వచ్చేయండి. హైవే మీది పెద్ద పెట్రోలు బంకుల్లో టాయిలెట్ వాడుకోవడానికి పెట్రోలు కొట్టించుకోనక్కర్లేదు.

సంచిలో ఓఆర్‌ఎస్ నాలుగు ప్యాకెట్లు పడేయండి. తీయగా, పండ్ల రుచుల్లో దొరికే పానీయాల మీద ఓఆర్‌ఎస్ అని రాసుకోకూడదని 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. హైదరాబాద్‌కు చెందిన ఒక పిల్లల డాక్టర్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం దీని వెనక ఉంది. డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా అని ఉన్న పొడినే కొని, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. విరేచనాల్లో రక్తం పడినా, వాంతులతో నీళ్లు కూడా నిలవకపోయినా, పిల్లలు ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా గదిలో కూర్చుని ఇంటి వైద్యం చేయొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒకే చోట తిన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తేడా చేస్తే ఆ బిల్లు పారేయకండి. దాని మీది 14 అంకెల నంబరుతో ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు.