డబ్బా మీద అచ్చు కాని రెండు అంకెలు

భోజనం బదులు తాగే పొడులు ఇప్పుడు మందుల షాపుల్లో వరసగా కనిపిస్తున్నాయి. ఒక పూట తిండికి బదులు కాబట్టి ఆ పూటకు కావలసిన ఖనిజాలన్నీ వాటిలో కలుపుతారు. ఆరోగ్యవంతులకు అది మేలే. కిడ్నీలు దెబ్బతిన్నవారికి మాత్రం చిక్కు అక్కడే.

మనం తిన్న పొటాషియంలో దాదాపు 90 శాతాన్ని బయటికి పంపేది మూత్రపిండాలే. అవి నీరసిస్తే అది రక్తంలో నిలిచిపోతుంది. లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ ఉండాల్సింది 6 దాటితే గుండె లయ తప్పవచ్చు. చాలాసార్లు ముందుగా ఏ లక్షణమూ కనిపించదు. ఫాస్ఫరస్ కూడా అలాగే నిలిచిపోతుంది కానీ అంత తొందరపడదు. ఏళ్ల తరబడి ఎముకలను బలహీనపరుస్తూ, రక్తనాళాల గోడల్లో కాల్షియం పేరుకునేలా చేస్తుంది.

ఇలాంటి చాలా పొడులకు మూలం వెన్న తీసిన పాలపొడి. 30 గ్రాముల పాలపొడిలో సుమారు 500 మి.గ్రా. పొటాషియం, 290 మి.గ్రా. ఫాస్ఫరస్ ఉంటాయి. దాన్ని నీళ్లలో కాక గ్లాసు పాలలో కలిపితే పొటాషియం మరో 300, ఫాస్ఫరస్ మరో 190 చేరతాయి. కిడ్నీ రోగులకు డాక్టర్లు చాలాకాలంగా చెబుతున్న ఫాస్ఫరస్ పరిమితి రోజు మొత్తానికి 800 నుంచి 1000 మి.గ్రా. ఒక్క గ్లాసుతోనే అందులో దాదాపు సగం అయిపోయింది! చాక్లెట్ రుచి కోరుకుంటే కోకోలోని పొటాషియం అదనం.

ఎంత ఉందన్నదే కాదు, ఏ రూపంలో ఉందన్నదీ చూడాలి. పప్పుల్లోని ఫాస్ఫరస్ చాలావరకు ఫైటేట్ అనే రూపంలో ఉంటుంది, మన పేగులు అందులో సగం కూడా పీల్చుకోలేవు. పొడి గడ్డకట్టకుండా, చక్కగా కలిసేలా వేసే ఫాస్ఫేట్ లవణాలు మాత్రం చాలావరకు రక్తంలో చేరిపోతాయి. పదార్థాల జాబితాలో 339, 340, 341, 450, 451, 452 అంకెలు కనిపిస్తే అవి ఫాస్ఫేట్లే. 340 పొటాషియం ఫాస్ఫేట్, అంటే రెండు విధాలా బరువు. 508 పొటాషియం క్లోరైడ్. ‘సోడియం తక్కువ’ అన్న మాట చూసి ధైర్యపడే ముందు దీన్ని వెతకాలి.

కిడ్నీ రోగుల కోసమే చేసిన పొడులు వేరే ఉన్నాయి. వాటిలోనూ డయాలసిస్ మొదలుకాని వారికి ప్రొటీన్ తక్కువ, డయాలసిస్‌లో ఉన్నవారికి ఎక్కువ. ఒకరి డబ్బా మరొకరికి పనికిరాదు. పొటాషియం తగ్గించాల్సిన అవసరం అందరికీ ఉండదు కూడా. ఆ సంగతి రక్తపరీక్షే చెప్పాలి.

మన దేశంలో లేబుల్ మీద ప్రొటీన్, చక్కెర, కొవ్వు, సోడియం అంకెలు తప్పనిసరి. పొటాషియం, ఫాస్ఫరస్ కావు. ఉద్దానం ప్రాంతంలో ఊరూరా కిడ్నీ రోగులను చూస్తున్న మనం ఆ రెండు అంకెలూ అచ్చువేయాలని గట్టిగా అడగాలి. అంతవరకూ, కొత్త డబ్బా మూత తీసే ముందు తాజా రక్తపరీక్ష రిపోర్టుతో పాటు దాన్ని డాక్టరుకో డైటీషియన్‌కో చూపించండి.