తెగులు తెచ్చిన వెలుగు

పొగాకు రైతుకు మొజాయిక్ తెగులంటే గుండె గుభేలు. ఆకు మీద పచ్చా పసుపూ మచ్చలు పడితే నాణ్యత పోతుంది, దానితో ధరా పోతుంది. ఆ తెగులు తెచ్చే వైరస్‌నే మనిషి శరీరంలోని కంతుల జాడ తీయడానికి వాహనంగా వాడాలని శాస్త్రజ్ఞులు పూనుకున్నారు. ఇందులో మహిమ ఏమీ లేదు. ఉన్నదల్లా నిర్మాణమే.

ఆ నిర్మాణం ఒక్కడి ప్రతిభతో బయటపడలేదు. 1935లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు స్టాన్లీ ఈ వైరస్‌ను స్ఫటికాలుగా వేరుచేసి, అది వట్టి ప్రోటీనే అనుకున్నాడు. మరుసటి ఏడే ఇంగ్లండులో బాడెన్, పీరీలు అందులో న్యూక్లియిక్ ఆమ్లం కూడా ఉందని చూపించారు. వారితో కలిసి ఎక్స్‌రేలతో దాని అమరికను వెతికినవాడు జె.డి. బెర్నాల్. విజ్ఞానం సమాజానికి చెందాలని వాదించిన ఈ మార్క్సిస్టు మన పాఠకులకు కొత్తవాడు కాడు. ఆయన విభాగంలో పనిచేస్తూనే 1950లలో రోజలిండ్ ఫ్రాంక్లిన్, ఆర్.ఎన్.ఏ. పోగు ప్రోటీన్ గొట్టంలో ఎక్కడ పొదిగి ఉందో తేల్చింది. 1946లో నోబెల్ బహుమతి పంచుకున్నవారిలో స్టాన్లీ ఉన్నాడు. బాడెన్, పీరీలు లేరు.

ఆ గొట్టం పొడవు 300 నానోమీటర్లు, మందం 18. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. గోడ నిండా ఒకే అచ్చులో పోసిన 2,130 ప్రోటీన్ ముక్కలు. ప్రతి ముక్కకూ రంగు అణువును తగిలించడానికి రసాయనిక కొక్కేలున్నాయి. ఎం.ఆర్.ఐ. పరీక్షలో వాడే గడోలినియం సమ్మేళనం అణువు విడిగా ఉంటే రక్తంలో గిరగిరా తిరుగుతుంది, త్వరగా మూత్రంలో పోతుంది. బరువైన వైరస్ గోడకు బిగిస్తే ఆ తిరుగుడు మందగించి ఒక్కొక్క అణువిచ్చే సంకేతమే బలపడుతుంది. పైగా ఒకే వాహనం మీద వందల వేల అణువులు! ఒంటి మిణుగురుకూ, మిణుగురులు మూగిన చెట్టుకూ ఉన్నంత తేడా.

అలసంద పైరుకు తెగులు తెచ్చే మరో వైరస్ బంతిలా ఉంటుంది, సుమారు 30 నానోమీటర్లు. 2006లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థ పరిశోధకులు దానికి మెరిసే రంగులద్ది, బతికి ఉన్న ఎలుకల్లోనూ కోడిపిండాల్లోనూ రక్తనాళాలను కళ్లారా చూశారు.

వైరస్‌ను ఒంట్లోకి ఎక్కించడమేమిటని ఉలిక్కిపడనక్కరలేదు. మొక్కల వైరస్ మన కణాల్లో పెరగదు. మిరపకు పట్టే ఒక వైరస్‌ను మనం కారంతోపాటు తింటూనే ఉన్నాం. అసలు చిక్కులు వేరు. శరీరం దాన్ని పరాయిదని గుర్తుపడుతుంది. కాలేయం, ప్లీహం వడగట్టేస్తాయి. అందుకే పైన పాలిమరు పూత పూస్తున్నారు. పూత పూస్తే రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది నిజమే. కాని విడివడిన గడోలినియం విషం. అది ఒంట్లో ఎంత ఆలస్యం చేస్తే అంత ప్రమాదం, మూత్రపిండాలు చెడినవారికి మరీను. ఈ ముడి విడకుండా ఆసుపత్రి దాకా వెళ్లే మాట లేదు.

ఇక ఖర్చు మాట. ఈ వైరస్ మొక్కల్లోనే పెరుగుతుంది. ఆకులు నూరి, రసం శుద్ధిచేసి తీయవచ్చు. ముడిసరుకు ఇంత చవక గనుక పరీక్ష కూడా చవకవుతుందని కొందరు ఆశపడుతున్నారు. నాకా నమ్మకం లేదు. పేటెంటు ఆకు మీద కాదు, కొక్కేనికి రంగు తగిలించే పద్ధతి మీద తీసుకుంటారు. స్కానింగు యంత్రం జిల్లా ఆసుపత్రిలో ఉందా, కార్పొరేటు ఆసుపత్రిలో ఉందా అన్నదాన్ని ఏ వైరసూ మార్చలేదు.